అంబారుపేట మీదుగా

ఎక్కడుంటావో చెప్పమన్నారు, అంతే కదా, అదేమన్నా ఉరిశిక్షా అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ అక్రమ్ జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ పల్లెవెలుగు ఎక్కాడు. ఎక్కాడనటం కంటే ఎక్కించారనటం నయం, వెనకనుంచి నలుగురు ఆడవాళ్ళు నెట్టిన నెట్టుడుకు లోపల పడ్డాడు. వాళ్ళకు టిక్కెట్టు తీసేసిన దగ్గర్నుంచీ ఈ బస్సుల్లో మగవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడి కిందే లెక్క. ఒక పక్కకు ఒద్దికగా నిలబడి, ఎవరు ఏ సంచీ కాళ్ళ మీద పెడితే దానికి కాపలా కాస్తూ పోవాలి. మిర్చి కోతలకు పోయే కూలీలు, చేతుల్లో ఆధార్ కార్డులు, కొంగుల్లో ఘాటు, ఒకావిడ తుమ్మితే వరసపెట్టి అందరూ తుమ్ముతున్నారు, తుమ్మి నవ్వుకుంటున్నారు. అక్రమ్‌కు నవ్వు రాలేదు. పదకొండున్నరకల్లా నందిగామలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉండాలి. వాళ్ళు అతని హెవీ లైసెన్సు చూశారు, పన్నెండు టైర్ల బండి తోలించి చూశారు, వెనక్కి పోనిచ్చి గోడకు జానెడు దూరంలో ఆపమంటే ఆపాడు, శభాష్ అన్నారు. ఇక కాగితంలో ఒక్క గడే మిగిలింది. ఏ యార్డు? జగ్గయ్యపేటా, నందిగామా, గాజువాకా? కొత్త డ్రైవరు ఏది కోరుకుంటే అది, కోరుకున్నాక ఏడాది దాకా మార్చరు. ఇల్లు పేటలో ఉంది, పెళ్ళాం పేటలో ఉంది, పేట అని చెప్పి సంతకం పెట్టి రావటానికి ఇంత ఆలోచనేమిటి అంటారు ఎవరైనా. వాళ్ళకు అంబారుపేట సంగతి తెలియదు.

"పేట అని రాయించు, మర్చిపోమాక" అంది జాకియా తెల్లారకముందు సహరి వేళ, పెరుగన్నంలో అరటిపండు కలుపుతూ. అప్పటికి ఆమె ఒక కన్ను ఇంకా నిద్రలోనే ఉంది. ఒక్కపొద్దులు మొదలై పదకొండు రోజులు, రోజూ అదే పెరుగన్నం, రోజూ అదే మాట. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. వాళ్ళ నాన్న మీరావలి ముప్ఫై ఏళ్ళు లైను బండి తోలాడు, నాగపూరు, కాన్పూరు, గౌహతి. నెలకు మూడు రోజులు ఇంటికొస్తే ఆ మూడు రోజులూ ఇంట్లో నిద్ర పట్టక వీధిలో ఆపిన లారీ కాబిన్‌లోకే పోయి పడుకునేవాడట. పొద్దున్నే టీ గ్లాసు ఇచ్చి రమ్మని అమ్మ పంపితే చిన్న జాకియా మెట్టు మీదికెక్కి కాబిన్ తలుపు కొట్టేది. నాన్న అంటే ఆమెకు గుర్తున్నది ఆ తలుపు, ఆ డీజిలు వాసన, గ్లాసు అందుకునే చెయ్యి, అంతే. అందుకే పెళ్ళిచూపుల నాడు పెద్దవాళ్ళందరి ముందూ తలెత్తి అడిగింది, "లైను బండా, లోకలా?" అని. గదిలో ఒకరిద్దరు దగ్గారు. అక్రమ్ అప్పటికి సాంబయ్య బండి మీద నాలుగేళ్ళుగా క్లీనరు. "లైసెన్సు రాగానే లోకలేనండి. పొద్దున పోతా, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె ఈ ఇంటికొచ్చింది. మిషను కుట్టుకుంటూ, వీధిలో లారీ చప్పుడైతే తల కూడా ఎత్తకుండా, ఏడాదిన్నరగా ఆ లైసెన్సు కోసం కాచుకుని ఉంది. ఆ మాట అన్నప్పుడు అక్రమ్ నిజంగానే అన్నాడు.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు లారీల వెనక ఇరుక్కుంది. అన్నీ సిమెంటు బళ్ళే, టార్పాలిన్ల మీద బూడిద రంగు, కాబిన్లలో మోచేతులు బయటపెట్టి కూర్చున్న మనుషులు. బస్సు డ్రైవరు రెండో గేరులో ఈడుస్తుంటే అక్రమ్ ఎడమ కాలు దానంతటదే క్లచ్ నొక్కబోయి ఎవరిదో సంచీ తొక్కింది. చూసుకోవయ్యా అని ఆవిడ, పొరపాటు పొరపాటు అని తను. పేట యార్డంటే ఈ బళ్ళే. ఫ్యాక్టరీ గేటు ముందు సీరియల్లో పెట్టుకోవటం, నంబరు పిలిచినప్పుడు బండి దగ్గర లేకపోతే మళ్ళీ వరస చివరికి పోవటం, లోడు ఎత్తాక బెజవాడ, గుడివాడ, ఏలూరు. ఎటు పోయినా తూర్పుకే, ఎటు పోయినా అంబారుపేట మీదుగానే, రోజూ, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. నందిగామ యార్డంటే కోల్డుస్టోరేజీల మిర్చి టిక్కీలు, జిన్నింగు మిల్లుల పత్తి బేళ్ళు, పని తేలికే, సాయంత్రం బస్సెక్కితే ఇల్లే, కానీ ఆ బస్సూ ఇదే రోడ్డున రావాలి. ఇక గాజువాక. విశాఖపట్నం పక్కన, బొగ్గు, ఇనుము, ఒడిశా ఘాట్లు, కాబిన్‌లో పడక, నెలకు నాలుగు రోజులు ఇల్లు. మామ కంటే ఒక రోజు ఎక్కువ. అక్కడి రోడ్ల మీద అంబారుపేట లేదు. సాంబయ్యనడిగితే, "ఇంటికాడ తోలుకునే డ్యూటీ దొరకటమంటే మాటలా! కళ్ళు మూసుకుని పేట రాయించరా" అన్నాడు. అన్నీ తెలిసి కూడా అన్నాడు. ఆయనకు రోజూ నిద్ర పడుతుంది, ముద్ద దిగుతుంది, ఆ మలుపులో కూడా పాటలు పెట్టుకుని పోతాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని అక్రమ్ చాలాసార్లు చూశాడు గానీ రాలేదు, అసూయ మాత్రం వచ్చింది.

పోయిన వానాకాలం, సాంబయ్య బండి, సిమెంటు లోడు, బెజవాడ వైపు పోతున్నారు. అంబారుపేట ఇంకా రాకముందే వెనక ఎడమ టైరు పేలింది. మసక పడుతోంది, వాన జోరందుకుంటోంది, బండి సగం మార్జిన్‌లో, సగం రోడ్డు మీద. "రాళ్ళు పెట్టరా" అన్నాడు సాంబయ్య. బండి చెడిపోతే వెనకొచ్చేవాళ్ళకు తెలియటానికి ఎర్ర త్రికోణం పెట్టాలని రూలు. ప్రతి లారీలోనూ అది ఉంటుంది, సీటు కింద, కవరు కూడా చింపకుండా, చెకింగులో చూపించటానికి. రోడ్డు మీద పెట్టేవి మాత్రం రాళ్ళే. ఇరవై అంగలు వెనక్కి పోయి మూడు రాళ్ళు పెట్టి, వేప కొమ్మో తుమ్మ కొమ్మో విరిచి మధ్యలో నిలబెడితే అదే సిగ్నలు. క్లీనరు పనిలో మొదటి రోజు నేర్పే పాఠం అది. స్టెప్నీ మార్చటంతో ఆ పాఠం అయిపోతుంది. జాకీ ఎత్తు, పానా ఎత్తు, ఎక్కు. రాళ్ళు తీయమని ఏ గురువూ చెప్పడు, ఏ శిష్యుడూ అడగడు. ఈ రోడ్డు పొడుగునా ఎక్కడైనా ఏమీ లేని చోట రాళ్ళూ, ఎండిన కొమ్మా కనిపిస్తే అక్కడ ఎప్పుడో ఒక బండి చెడి బాగయి పోయిందన్నమాట. అక్రమ్ మాత్రం తీసేవాడు. మొదటినుంచీ అదొక అలవాటు, కాలితో తన్ని పక్కకు నెట్టి గానీ బండెక్కేవాడు కాదు. "రోడ్డేమన్నా మీ అత్తగారి వాకిలా" అని సాంబయ్య నవ్వేవాడు. ఆ ఒక్కరోజు మర్చిపోయాడు. వాన, మసక, సాంబయ్య హారను, మర్చిపోయాడు. ఏడు నెలలుగా తనకు తను చెప్పుకుంటున్న మాట అదే, మర్చిపోయాను, మర్చిపోయాను. చెప్పుకుని చెప్పుకుని ఆ మాట నోట్లో అరిగిపోయింది.

మర్నాడు సాయంత్రం ఖాళీ బండితో తిరిగొస్తుంటే అవతలి రోడ్డు మీద జనం. డివైడరు మీంచి కనిపించినంతే కనిపించింది, ఒక మోటారుసైకిలు ముందు చక్రం మెలి తిరిగి ఉంది, ఒక చెప్పు ఉంది, ఎవరో ఇసక చల్లుతున్నారు. సాంబయ్య బండి ఆపలేదు, ఆపమని అక్రమ్ అడగలేదు. మూడో రోజు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. బులుగు చొక్కా వేసుకుని నవ్వుతున్న మనిషి, డేవిడ్‌రాజు, ముప్ఫై ఒక్కేళ్ళు, లెక్కల మాస్టారు, ప్రభువునందు నిద్రించెను. కింద భార్య పరిమళ, తండ్రి ప్రేమదాసు, బంధుమిత్రులు. చిల్లకల్లులో బడి వదిలాక ట్యూషను చెప్పటానికి అటునుంచి అటే నందిగామ బయల్దేరాడట. వానకు బండి జారిందని అందరూ అనుకున్నారు. "అనుకోనీరా" అన్నాడు సాంబయ్య ఆ రాత్రి, ముద్ద నములుతూనే. "ఈ రోడ్డు మీద రోజుకెన్ని బళ్ళు చెడతయ్, ఎన్ని రాళ్ళుంటయ్! ఆ రాయి మీద నీ పేరు రాసుందా?" లేదు. రాయి మీద లేదు. కానీ అక్రమ్ ఆ రోజునుంచీ నమాజుకు కూర్చుంటే చేతులు చాపిన దువాలో ఎవరి పేరూ ముందు రావటం లేదు, అమ్మ పేరు రావటం లేదు, జాకియా పేరు రావటం లేదు, తను చదువు చెప్పించుకోని ఒక లెక్కల మాస్టారి పేరు వస్తోంది. ఆ తర్వాత కూడా లైసెన్సుకు పోయాడు, ఎందుకంటే పోనని జాకియాకు ఏమని చెబుతాడు? టెస్టు రోజు చేతులు వణుకుతాయనుకున్నాడు. వణకలేదు. స్టీరింగు పట్టుకోగానే ప్రాణం కుదుటపడింది, బండి చెప్పినట్టల్లా విన్నది, ఆ సంతోషం తలుచుకుని ఇంటికొచ్చి బాత్‌రూములో కొళాయి తిప్పి ఏడ్చాడు. తనకు వచ్చిన పని అదొక్కటే, అందులోనే అంత సుఖం ఉండటం అతనికి భరించలేనిదిగా తోచింది.

నవాబుపేట దాటాక పొలాలన్నీ కల్లాలే, ఎర్రగా ఆరబోసిన మిర్చి, మధ్యలో పరదా పట్టల నీడలు. బస్సులో సగం మంది దిగారు. సీట్లు ఖాళీ అయినా అక్రమ్ కూర్చోలేదు, కూర్చుంటే కిటికీ, కిటికీలోంచి ఎడమ మార్జిన్, ఆ మార్జిన్‌లో ఆయన కనిపిస్తే? వానకు బండి జారిందని అందరూ అనుకున్నారు గానీ ఒక్కరు అనుకోలేదు. తండ్రి ప్రేమదాసు రాయి చూశాడు. రాతి మీద చక్రం గీరిన గుర్తూ చూశాడట. కేసూ పెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు, జ్ఞాపకార్థ కూడిక అయ్యాక ఒక పొద్దున లేచి రోడ్డెక్కాడు. అంబారుపేటనుంచి ఇటు రెండు కిలోమీటర్లు, అటు రెండు కిలోమీటర్లు, లారీలవాళ్ళు వదిలేసిన రాళ్ళన్నీ ఒక్కొక్కటే ఎత్తి కాలవలో వేస్తాడు. జీవితమంతా పత్తిచేలో, వరిచేలో వంగిన మనిషికి వంగటం కొత్త కాదు. అక్రమ్ మొదటిసారి చూసింది దసరా ముందు. కాబిన్‌లోంచి చూస్తే ఒక ముసలాయన పొట్టకు రాయి ఆనించుకుని మోసుకుంటూ పోతున్నాడు. సాంబయ్య బండి నెమ్మది చేసి, "పాపం, కొడుకు పోయిన కాణ్ణించీ ఇదే పని" అన్నాడు, ఎవరో చేసిన ఘోరానికి జాలిపడినట్టే అన్నాడు, నిజంగానే జాలిపడ్డాడు కూడా. పేట అని రాయిస్తే రోజుకు రెండుసార్లు ఇది. పోయేటప్పుడు పక్కనే, వచ్చేటప్పుడు డివైడరుకు అవతల. చూడకుండా ఎన్ని రోజులు తోలతాడు? చూస్తూ ఎన్ని రోజులు తోలతాడు? పోనీ జాకియాతో చెప్పేస్తే? రాత్రి చెబుదామని మొదలుపెట్టాడు కూడా, "జాకియా, ఒక మాట" అన్నాడు, ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "పేట కాకుండా ఇంకేదన్నా చెప్తే మాత్రం మాట్లాడమాక" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక కింద పడ్డ గుడ్డపీలికలు ఏరిపెట్టి పోయి పడుకున్నాడు.

అంబారుపేట వస్తుందని బస్సు చెప్పకుండానే అక్రమ్ వీపుకు తెలిసింది. కళ్ళు మూసుకుందామనుకున్నాడు, మూసుకోలేదు. స్తంభం, ఫ్లెక్సీ. ఏడు నెలల ఎండకు ముఖం వెలిసిపోయి బులుగు చొక్కా ఒక్కటే మిగిలింది. పోనీలే, ముఖం లేకపోతే కాస్త నయం అనుకున్నాడు, అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతలో బస్సు ఆగింది. ఇక్కడ ఆగదనుకున్నాడు, ఎవరూ దిగటం లేదు కదా. "రా ప్రేమదాసూ, ఇవాళ ఎన్ని?" అని కండక్టరు, రోజూ అడిగేవాడి గొంతుతో. "నాలుగే. తగ్గినయ్యిలే" అంటూ ముసలాయన ఎక్కాడు. అరచేతులకు పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టుకుని ఉన్నాడు. వాటిని నిదానంగా విప్పి, దులిపి, చొక్కా జేబులో పెట్టుకుని, అన్ని సీట్లు ఖాళీగా ఉండగా వచ్చి అక్రమ్ పట్టుకున్న కమ్మీయే పట్టుకుని నిలబడ్డాడు. కూర్చుంటే మళ్ళీ లేవటానికి నడుం పడుతుందట, ఆ మాట ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"నందిగామేనా బాబూ?"

"అవునండి. ఉద్యోగం పని మీద."

"ఏం ఉద్యోగం?"

ఏదైనా చెప్పొచ్చు. సెల్ షాపు అనొచ్చు, కోళ్ళ ఫారం అనొచ్చు. ఒక్కపొద్దు ఉన్నాడు కాబట్టి అబద్ధం ఆడలేదా, లేక ఇక దాక్కోలేక అలిసిపోయాడా, అతనికే తెలియదు. "లారీ డ్రైవర్నండి. కొత్త" అన్నాడు.

ప్రేమదాసు అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో అక్రమ్‌కు తెలియలేదు, ఆ కాసేపూ అన్నీ తెలిసిపోయాయనుకున్నాడు, తెలిసిపోతే బాగుండుననుకున్నాడు. "డ్రైవరెవరు కనపడ్డా చెప్తుంటా, ఏమనుకోమాక" అన్నాడు ముసలాయన. "బండి చెడితే రాళ్ళు పెట్టుకోండి. పెట్టకపోతే మీ ప్రాణాల మీదికొస్తది. పోయేప్పుడు మాత్రం తీసేసి పోండి. అంతే నేనడిగేది." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవటానికి ఏదో ఒకటి దొరికేది. తర్వాత సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, "పెదాలు ఎండిపోయినయ్, తాగు" అని అందించాడు.

"ఒక్కపొద్దండి."

"అట్నా. మాకూ నలభై రోజుల ఉపాసాలు నడస్తన్నయ్. షుగరుతో నేనుండలేకపోతన్నా. మా కోడలుంటంది." సీసా మూత మళ్ళీ బిగించి, తనూ తాగకుండానే సంచీలో పెట్టుకున్నాడు. మొహమాటంగా, పరాయివాణ్ణి చేబదులు అడిగేవాడిలా అడిగాడు. "ఒక్కపొద్దున్నోళ్ళ మాట దేవుడు ఇంటాడంటారు. మావోడి పేరు కూడా ఒకసారి అనుకో బాబూ. డేవిడ్‌రాజు."

అక్రమ్ తలూపాడు. అనుకుంటున్నానండి, ఏడు నెలలుగా రోజుకైదుసార్లు అనుకుంటున్నానండి, మీరడగకముందే నా సొంత మనుషుల్ని పక్కనపెట్టి మీవాడి పేరే అనుకుంటున్నానండి. ఇదంతా గొంతు దాకా వచ్చింది. అంబారుపేటకూ అనాసాగరానికీ మధ్య ఎంత, బస్సులో ఐదు నిమిషాలు, చెప్పాలంటే ఐదు నిమిషాలు చాలవా, ఒక్క వాక్యం, ఆ రాయి నాదండి. మర్చిపోయానండి. అంటే ఆయన ఏమంటాడు? ఏమో, కొట్టడు. మర్చిపోయావా అయ్యా అంటాడు, ఏడుస్తాడు, తను కాళ్ళ మీద పడొచ్చు, కండక్టరు బస్సాపుతాడు, ఆ తర్వాత ఏమైనా కానీ. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటికి ఆ మాట రాలేదు, ఎందుకంటే అది నిజం కాదు. ఆయన పక్కన నిలబడి, ఆయన పట్టుకున్న కమ్మీయే పట్టుకుని, ఆయన కొడుకు గురించి అబద్ధం చెప్పటానికి నోరు రాక, అక్రమ్ ఏడు నెలల్లో మొదటిసారి ఆ సాయంత్రాన్ని ఉన్నదున్నట్టుగా చూశాడు. రాళ్ళ దగ్గరికి పోయాడు. మామూలుగానే పోయాడు. కొమ్మ విసిరేశాడు. మొదటి రాయి కాలితో తన్నాడు, పక్కకు పోయింది. రెండోది తన్నాడు, పోయింది. మూడోది పెద్దది, తంతే కదల్లేదు. వంగి రెండు చేతుల్తో ఎత్తాలి. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, సాంబయ్య హారను మీద హారను. ఆ రాయి వంక చూశాడు. చూసి, ఎవరో ఒకరు తీస్తార్లే అనుకున్నాడు. ఆ మాటే అనుకున్నాడు, మాటకు మాట గుర్తుంది. అనుకుని పరుగెత్తి బండెక్కాడు. మర్చిపోయినవాడు ఎవరికైనా చెప్పుకుంటాడు, అల్లాకు చెప్పుకుంటాడు, ఈ ముసలాయనకు చెప్పుకుంటాడు. చూసి వదిలేసినవాడు ఏమని చెప్పుకోవాలి? వంగటానికి బద్ధకమేసిందండి అనా? ఆ ఎవరో ఒకరు చివరికి ఈయనే అయ్యాడు, రోజూ వంగుతున్నాడు, నడుం పట్టేసి సీటులో కూర్చోలేక నిలబడి ప్రయాణం చేస్తున్నాడు.

అనాసాగరం వచ్చింది, పోయింది. నందిగామ ఊళ్ళోకి తిరిగాక ట్రాఫిక్కులో బస్సు ఆగుతూ కదులుతూ పోతోంది. మందుల షాపు దగ్గర ప్రేమదాసు దిగాలి. దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"నీ బండి ఏ రోడ్డు మీద బాబూ? మన రోడ్డేనా?"

"ఇంకా తెలవదండి. ఇవాళే చెప్పాలి."

"మన రోడ్డే అయితే రోజూ కనపడతా. ఒక చెయ్యెత్తి పో. గుర్తుపడతా."

దిగి, తువ్వాలు తలకు చుట్టుకుని, రోడ్డు దాటటానికి అటూ ఇటూ చాలాసేపు చూసుకున్నాడు. అక్రమ్ బస్సు కిటికీలోంచి ఆయన దాటేదాకా చూశాడు. ఇంతవరకూ మూడు యార్డులూ త్రాసులో పెట్టి చూసుకుంటున్నానని అనుకున్నాడు గానీ ఇప్పుడు త్రాసూ లేదు, మూడూ లేవు. రోజూ పొద్దున అంబారుపేట దగ్గర కాబిన్‌లోంచి ఒక చెయ్యెత్తాలి. ఆయన నవ్వుతూ తిరిగి చెయ్యెత్తుతాడు. ఏడాది పాటు, వాన వచ్చినా, పండగ వచ్చినా, తనకు పిల్లలు పుట్టినా. నరకం గురించి చాలాసార్లు విన్నాడు, అక్కడ నిప్పులుంటాయని చెప్పారు, ఒక ముసలాయన నవ్వుతూ చెయ్యూపుతాడని ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో కంప్యూటరు ముందు ఆమని అనే అమ్మాయి ఉంది, పాతికేళ్ళుంటాయేమో, చెవిలో ఫోను, చేతిలో సగం తిన్న సమోసా. అతన్ని చూడగానే కాగితం వెతికి తీసి, "రండి రండి, మీకోసమే ఆపానండి. పేటలో ఒకటే ఖాళీ మిగిలింది. మీ ఊరే కదా, పెట్టేస్తున్నా" అంది, వేలు అప్పటికే మీట మీద ఉంది.

"వద్దండి."

"నందిగామా మరి?"

"కాదండి. గాజువాక."

ఆమని సమోసా పక్కన పెట్టింది. ఫారంలో ఏదో చూసింది, భార్య పేరు రాసిన గడి కాబోలు. "కొత్తవాళ్ళంతా ఇంటి దగ్గర యార్డు ఇమ్మని మా ప్రాణం తీస్తారండి. మీరేంటి? ఏడాది దాకా మార్చరు, తర్వాత వచ్చి నన్నేం అనొద్దు. కావాలంటే బయట కూర్చుని ఇంట్లో ఒకసారి అడగండి, అరగంట ఆపుతా" అంది. మంచిపిల్ల. ఆ అరగంట అక్రమ్‌కు అక్కర్లేదు. అరగంట ఇస్తే పేట అనేస్తాడేమోనని భయం వేసింది, పేట అనాలని ప్రాణం అంతగా కొట్టుకుంటోంది. పొద్దుగూకేసరికి ఇల్లు, మిషను చప్పుడు, ఇఫ్తారుకు ఖర్జూరం చేతిలో పెట్టే జాకియా, తను ఇస్తానన్న బతుకంతా ఆ మీట కింద ఉంది. "పెట్టెయ్యండి" అన్నాడు. సంతకం పెట్టాడు. ఇంటికి దగ్గరగా ఉండే అర్హత లేదని తనకు తనే రాసుకున్నట్టుంది ఆ సంతకం, పైగా అందులో శిక్ష అనుభవిస్తున్న ఊరట కూడా లేదు, ఎందుకంటే ఈ శిక్ష పడింది తనకు కాదు. ఇంట్లో మిషను ముందు కూర్చుని ఏమీ ఎరగని ఒకామె ఏడాది పాటు అనుభవించబోతోంది. అది కూడా తెలిసే పెట్టాడు. తెలిసి చేయటం ఇది రెండోసారి.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది, ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఫోను మోగింది. ఎత్తకుండా ఉండాలనుకుని ఎత్తాడు.

"అయిందా? పేటేనా?" అంది జాకియా. వెనక మిషను నడుస్తూనే ఉంది.

"పేటలో ఖాళీ లేదంట."

మిషను ఆగింది.

"మరి?"

"గాజువాక."

అరుస్తుందని చూశాడు, మాట తప్పావంటుందని, పుట్టింటికి పోతానంటుందని, అంటే పడదామని ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని నిలబడ్డాడు. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది. ముక్కు ఎగబీల్చుకుంది. తర్వాత వచ్చిన గొంతు అతనికి తెలిసిన గొంతు కాదు, బాగా చిన్నదైపోయి, అతన్నే ఓదారుస్తూ వచ్చింది.

"సరేలే. ఖాళీ లేకపోతే నువ్వేం చేస్తావు. బాధపడమాక, ఒక్కపొద్దుతో ఎండలో నిలబడమాక, ఇంటికి రా. ఇందులో నీ తప్పేముంది?"

ఆ మాట ఒక్కసారి ఎవరి నోటనైనా వినిపించమని ఏడు నెలలుగా రోజుకైదుసార్లు అల్లాను అడుగుతూనే ఉన్నాడు. ఇవాళ విన్నాడు.